చీకటి వైపు నుంచి వచ్చే రొద



2025 జనవరి 14న అమెరికాలోని లైగో వేధశాల పరికరాలు రెండూ ఒక గురుత్వ తరంగాన్ని, అంటే దేశకాలంలో పుట్టిన ఒక అలను, పట్టుకున్నాయి. వంద కోట్ల కాంతి సంవత్సరాలకు పైబడిన దూరంలో రెండు కృష్ణబిలాలు ఒకదాని చుట్టూ ఒకటి తిరిగి తిరిగి కలిసిపోయాయి. ఒక్కొక్కటి మన సూర్యుడికి ముప్పై రెట్లు మించి బరువున్నది. దాదాపు పదేళ్ల కిందట, 2015 సెప్టెంబర్ 14న, మనిషి మొట్టమొదటిసారి అందుకున్న గురుత్వ తరంగం కూడా ఇలాంటి జంట నుంచే వచ్చింది. దూరమూ ఇంచుమించు అంతే. అయితే ఈసారి సంకేతం మూడు రెట్లు స్పష్టంగా ఉంది. రెండు కృష్ణబిలాలు కలిసినప్పుడు ఏర్పడే కొత్త బిలం ఉపరితల వైశాల్యం పాత రెండిటి మొత్తం కంటే తగ్గదని స్టీఫెన్ హాకింగ్ 1971లో చెప్పాడు. 2015 నాటి సంకేతంతో ఆ మాటను 95 శాతం నమ్మకంతో చెప్పగలిగారు. 2025 సంకేతంతో ఆ నమ్మకం 99.999 శాతానికి వెళ్లింది.

ఆకాశంలో జరిగింది అదే రకం సంఘటన. మారింది ఇక్కడ దాన్ని వినే పరికరం. ఈ పదేళ్లలో అద్దాలు బాగుపడ్డాయి, లేజరు బలం పెరిగింది, దారి తప్పి తిరిగే కాంతిని అరికట్టారు. వీటన్నిటితోపాటు మరొకటి జరిగింది. పరికరంలో అసలు ఏ కాంతీ ప్రవేశించని ఒక వైపు ఉంది. ఆ వైపున ఉన్న చీకటిని సరిచేశారు. ఇవాళ నేను మాట్లాడబోయేది దాని గురించే.

ముందు ఈ పరికరం ఏమిటో చూద్దాం. దీని పేరు ఇంటర్‌ఫెరోమీటర్. ఒక కాంతి పుంజాన్ని సగం పూత పూసిన అద్దంతో రెండుగా చీలుస్తారు. ఒక సగం ఇటు, ఒక సగం అటు, లంబకోణంలో రెండు దారుల్లో వెళ్లి, చివర ఉన్న అద్దాలకు తగిలి వెనక్కి వస్తాయి. మళ్లీ ఆ చీల్చే అద్దం దగ్గరే కలుస్తాయి. రెండు దారుల పొడవులో తేడా రాగానే తిరిగొచ్చిన అలలు కలిసే తీరు మారుతుంది. శిఖరం మీద శిఖరం పడితే వెలుగు, శిఖరం మీద లోయ పడితే చీకటి. మన పాఠ్యపుస్తకాల్లో వ్యతికరణం అని చదువుకున్నది ఇదే. మైకెల్సన్, మోర్లీ 1887లో క్లీవ్‌లాండ్‌లో ఇలాంటి పరికరంతోనే, కాంతిని మోస్తుందని అప్పట్లో నమ్మిన ఈథర్ కోసం వెతికారు. వాళ్ల కాంతి అద్దాల మధ్య అటూ ఇటూ తిరిగి దాదాపు 11 మీటర్ల దారికి సమానంగా ప్రయాణించింది. లైగోలో ఒక్కో చేయి పొడవు 4 కిలోమీటర్లు. వాషింగ్టన్ రాష్ట్రంలోని హాన్‌ఫర్డ్‌లో ఒకటి, లూసియానాలోని లివింగ్‌స్టన్‌లో ఒకటి ఉన్నాయి. 2015లో వచ్చిన తరంగం ఆ 4 కిలోమీటర్ల పొడవును ఎంత మార్చిందంటే, ఒక ప్రోటాన్ వ్యాసాన్ని నాలుగు వందల ముక్కలు చేస్తే అందులో ఒక ముక్కంత.

లైగోలో తిరిగొచ్చిన రెండు పుంజాలూ బయటికి వెళ్లే వైపున ఒకదాన్నొకటి దాదాపు పూర్తిగా రద్దు చేసుకునేలా అమరుస్తారు. కాంతి దాదాపు అంతా లేజరు ఉన్న వైపుకే తిరిగి పోతుంది. డిటెక్టర్ ఉన్న వైపు చీకటి. గురుత్వ తరంగం వచ్చి ఒక చేతిని సాగదీసి, ఇంకో చేతిని కుదించినప్పుడు ఆ చీకట్లోకి కాసింత వెలుగు జారుతుంది. ఆ జారిన వెలుగును కొలవడమే పని.

చిక్కు ఇక్కడే మొదలవుతుంది. కాంతి నీటి ధారలా ఎడతెగకుండా రాదు, ఫోటాన్లుగా వస్తుంది. రేకుల కప్పు మీద వాన పడుతుంటే మనం వినేది చినుకుల మొత్తం. సెకనుకు సగటున ఇన్ని చినుకులని చెప్పగలం గానీ, ఈ సెకనులో కచ్చితంగా ఎన్ని పడతాయో చెప్పలేం. ఒక సెకను ఎక్కువ, ఒక సెకను తక్కువ. లేజరు ఫోటాన్లూ అంతే. సగటున వంద ఫోటాన్లు రావలసిన చోట ఓ పది అటూ ఇటూ అవుతాయి, అంటే పది శాతం తేడా. పది వేలు రావలసిన చోట వంద అటూ ఇటూ అవుతాయి, అంటే ఒక్క శాతం. వెలుగును వంద రెట్లు పెంచితే కచ్చితత్వం పది రెట్లే పెరిగిందన్నమాట. ఈ తడబాటును భౌతిక శాస్త్రవేత్తలు షాట్ నాయిస్ అంటారు. వాన హోరులో పక్కింట్లో ఎవరో గొణిగిన మాట వినాలని ప్రయత్నించడం లాంటిదే లైగో పని.

అయితే వెలుగును పెంచుకుంటూ పోవచ్చు కదా అనిపిస్తుంది. పెంచారు కూడా. లైగో చేతుల్లో తిరిగే కాంతి బలం ఇప్పుడు కొన్ని లక్షల వాట్లు. ఇంకా పెంచడానికి రెండు అడ్డంకులున్నాయి. ఒకటి వేడి. అద్దం పూత కాంతిలో అతి స్వల్ప భాగాన్నే పీల్చుకున్నా, లక్షల వాట్లలో ఆ స్వల్ప భాగం అద్దం ఆకారాన్ని మార్చేస్తుంది. రెండోది ఇంకా లోతైనది. కాంతి అద్దాన్ని నెడుతుంది. ఫోటాన్లు తడబడుతూ వస్తుంటే ఆ తోపుడూ తడబడుతుంది, అద్దం వణుకుతుంది. వెలుగు పెంచితే షాట్ నాయిస్ తగ్గుతుంది, ఈ వణుకు పెరుగుతుంది. వేగంగా కంపించే సంకేతాల దగ్గర షాట్ నాయిస్‌దే పెత్తనం. నెమ్మదిగా కంపించే వాటి దగ్గర ఈ తోపుడుదే పెత్తనం. ఈ రెండిటి మధ్య రాజీ కుదిరే చోటును ప్రామాణిక క్వాంటం పరిమితి అంటారు. దీన్ని గుర్తించి ముందుగా హెచ్చరించినవాడు మాస్కోకు చెందిన వ్లదీమిర్ బ్రాగిన్‌స్కీ.

ఇక్కడ 1980 ప్రాంతాల్లో ఒక వాదం నడిచింది. నాకు ఈ కథ మొత్తంలో అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం అదే కాబట్టి కొంచెం నిదానంగా చెప్తాను.

లేజరులో ఫోటాన్లు తడబడుతున్నాయి, నిజమే. కానీ ఆ పుంజం చీల్చే అద్దం దగ్గర రెండు సమాన భాగాలవుతుంది. లేజరు ఒక క్షణం కాస్త బలంగా వెలిగితే రెండు చేతుల్లోనూ బలంగానే ఉంటుంది. రెండు అద్దాలనూ సమానంగానే నెడుతుంది. మనం కొలిచేది రెండు చేతుల మధ్య తేడా. రెండూ సమానంగా కదిలితే తేడా సున్న. మరి ఈ తోపుడు వల్ల కొలతకు హాని ఎలా జరుగుతుంది? అసలు అలాంటి రొదే ఉండదని కొందరు వాదించారు. ఉంటుందని మరికొందరు. లెక్కలు రెండు వైపులా ఉన్నాయి.

అప్పుడు కాలిఫోర్నియా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో కిప్ థోర్న్ బృందంలో పనిచేస్తున్న యువకుడు కార్ల్‌టన్ కేవ్స్ ఈ ముడి విప్పాడు. చీల్చే అద్దానికి రెండు ముఖాలున్నాయని గుర్తుచేశాడు. ఒక ముఖం మీద లేజరు పడుతుంది. రెండో ముఖం డిటెక్టర్ వైపుకు, అంటే చీకటి వైపుకు తెరుచుకుని ఉంటుంది. అటు నుంచి ఏమీ రావడం లేదు. పాత భౌతిక శాస్త్రంలో ఏమీ రాకపోతే సున్న అని రాసుకుని ముందుకు పోవచ్చు. క్వాంటం సిద్ధాంతంలో ఆ సున్న కుదరదు. శూన్యంలో కూడా విద్యుదయస్కాంత క్షేత్రం స్థిరంగా ఉండదు, సగటు సున్నే అయినా అటూ ఇటూ ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగిసలాట చీకటి ముఖం గుండా లోపలికి వస్తుంది. లేజరు కాంతితో కలుస్తుంది. ఒక చేతిలో దానికి కలిసొస్తుంది, ఇంకో చేతిలో దాన్ని తగ్గిస్తుంది. తేడా అక్కడ పుడుతోంది. డిటెక్టర్ దగ్గర వినపడే షాట్ నాయిస్‌కూ, అద్దాలను వణికించే తోపుడుకూ మూలం ఒక్కటే అని కేవ్స్ చూపించాడు. రెండూ శూన్యం నుంచే వస్తున్నాయి.

1981లో ఫిజికల్ రివ్యూలో వచ్చిన వ్యాసంలో ఆయన మందు కూడా చెప్పాడు. రొద లేజరు నుంచి కాకుండా చీకటి వైపు నుంచి వస్తున్నప్పుడు, లేజరును ఎంత బాగుచేసినా ప్రయోజనం లేదు. ఆ చీకటి వైపు నుంచి మామూలు శూన్యానికి బదులు మనం తయారుచేసిన వేరే శూన్యాన్ని పంపుదాం అన్నాడు. కొలిచే సాధనంలో మరింత వెలుగు పోయకుండా, అందులోకి వచ్చే చీకటి గుణాన్ని మార్చాలన్నది ఆ ఆలోచన. ఇరవయ్యో శతాబ్దపు భౌతిక శాస్త్రంలో ఇంత సొగసైన సూచనలు చాలా తక్కువని నా నమ్మకం.

వేరే శూన్యం అంటే ఏమిటి? కాంతి అలకు రెండు లక్షణాలుంటాయి. ఒకటి దాని బలం, రెండోది దాని దశ, అంటే శిఖరం ఏ క్షణాన వస్తుందన్నది. హైసెన్‌బర్గ్ అనిశ్చితత్వ నియమం ప్రకారం ఈ రెండిటినీ ఒకేసారి పూర్తి కచ్చితంగా నిర్ణయించలేం. మామూలు శూన్యంలో అనిశ్చితి రెండిటికీ సమానంగా పంచి ఉంటుంది. నియమం అడ్డుపడేది రెండు అనిశ్చితుల లబ్ధానికే. పంపకాన్ని మార్చుకుంటే దానికి అభ్యంతరం లేదు. దశలో తడబాటు తగ్గించి, బలంలో పెరగనివ్వచ్చు. లేదా తిరగేసి చేయవచ్చు. ఇలా పంపకం మార్చిన కాంతిని స్క్వీజ్డ్ లైట్ అంటారు. మనం కొలిచేది దశ అయితే, దశలో తడబాటు తగ్గిన శూన్యాన్ని చీకటి వైపు నుంచి పంపితే చాలు. డిటెక్టర్ మీద పడే చినుకులు మునుపటి కంటే క్రమంగా పడతాయి.

దీన్ని తయారుచేసే చోటును ఒక్కసారి దగ్గరగా చూద్దాం. ఒక సెంటీమీటరు పొడవున్న పారదర్శకమైన స్ఫటికం. పొటాషియం టైటానిల్ ఫాస్ఫేట్ అనే పదార్థంతో చేసినది. దాని చుట్టూ నాలుగు చిన్న అద్దాలు, కాంతి వాటి మధ్య తిరిగి తిరిగి మళ్లీ స్ఫటికంలోకే వచ్చేలా అమర్చి ఉంటాయి. ఇదంతా గాలి తీసేసిన గదిలో ఉంటుంది. స్ఫటికంలోకి 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజరు పంపుతారు. లోపల అప్పుడప్పుడూ ఒక ఆకుపచ్చ ఫోటాన్ రెండుగా విడిపోతుంది. పుట్టిన రెండూ కంటికి కనపడని పరారుణ ఫోటాన్లు, ఒక్కొక్కటి 1064 నానోమీటర్లు. లైగో ప్రధాన లేజరు రంగు సరిగ్గా అదే. ఆ రెండూ కవలలు, ఒకేసారి పుట్టినవి, ఒకదాని తీరు రెండోదానితో ముడిపడి ఉంటుంది. ఈ జంటల పొందికే శూన్యపు తడబాటును ఒకవైపు అణచి, ఇంకోవైపు పెంచుతుంది. ఆకుపచ్చ కాంతిని వడగట్టేశాక బయటికి వచ్చే పుంజంలో వెలుగు దాదాపు లేనట్టే. ఆ వెలుగులేని పుంజాన్ని పట్టుకెళ్లి 4 కిలోమీటర్ల పరికరం చీకటి ముఖంలోకి గురిచూసి పంపాలి.

ప్రయోగశాలలో మొదటి స్క్వీజ్డ్ లైట్ 1985లో బెల్ ల్యాబ్స్‌లో రిచర్డ్ స్లషర్ బృందం సోడియం పరమాణువులతో తయారుచేసింది. రొద తగ్గింది ఏడు శాతమే. మరుసటి ఏడు టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో జెఫ్ కింబుల్, వూ లింగాన్ మొదలైనవాళ్లు స్ఫటికంతో సగానికి పైగా తగ్గించారు. 1987కల్లా చిన్న ఇంటర్‌ఫెరోమీటర్‌లో పెట్టి కేవ్స్ చెప్పింది నిజమని చూపించారు. అక్కడి నుంచి లైగోలో అది రోజువారీ పనిలోకి రావడానికి మూడు దశాబ్దాలు పట్టింది. ఎందుకు పట్టిందన్నది తెలుసుకోవలసిన విషయం.

మొదటి కారణం, తొలి ప్రయోగాలు సెకనుకు లక్షలు, అంతకు మించిన కంపనాల దగ్గర పనిచేశాయి. గురుత్వ తరంగాలు సెకనుకు పదుల నుంచి వేల కంపనాల మధ్య, అంటే మన చెవికి వినపడే స్థాయిలో ఉంటాయి. అంత నెమ్మది దగ్గర ప్రతి చిన్న అదురూ, దారి తప్పిన ప్రతి కాంతి రేణువూ స్క్వీజింగ్‌ను చెడగొడుతుంది. 2004లో కాన్‌బెర్రాలోని ఆస్ట్రేలియన్ నేషనల్ యూనివర్సిటీ బృందం ఆ స్థాయిలో దాన్ని సాధించింది. రెండో కారణం నష్టం. స్క్వీజ్డ్ లైట్‌లో ఒక ఫోటాన్ దారిలో పోతే ఆ ఖాళీలోకి మామూలు శూన్యం వచ్చి కూర్చుంటుంది, తన రొదను వెంట తెస్తుంది. అద్దం దగ్గర కాస్త, కటకం దగ్గర కాస్త, డిటెక్టర్ దగ్గర కాస్త పోతూ మొత్తం పది శాతం పోయిందనుకోండి. స్ఫటికం దగ్గర ఎంత గొప్ప స్క్వీజింగ్ చేసినా, చివరికి రొద పదో వంతు కంటే కిందికి దిగదు. జర్మనీలోని హానోవర్‌లో 2016లో ప్రయోగశాల బల్ల మీద 15 డెసిబెల్ల స్క్వీజింగ్ సాధించారు, అంటే రొద శక్తి ముప్పయ్యో వంతుకు తగ్గింది. అదే సమయంలో పెద్ద పరికరాల్లో దక్కింది సగం, సగం కంటే కొంచెం మెరుగు. మిగిలిందంతా దారిలో కారిపోయింది. ఈ రంగంలో పనిచేసేవాళ్ల జీవితమంతా ఆ ఒక్కో శాతాన్ని వెనక్కి తెచ్చుకోవడంలోనే గడుస్తోందంటే ఎక్కువ చెప్పినట్టు కాదు.

హానోవర్ దగ్గరే ఉన్న 600 మీటర్ల చేతుల జియో 600 పరికరం 2010 నుంచి స్క్వీజ్డ్ లైట్‌ను వాడటం మొదలుపెట్టింది. లైగో రెండు పరికరాల్లోనూ 2019 ఏప్రిల్ నుంచి నిత్యం వాడుతున్నారు. ఈ పనిని నడిపించినవాళ్లలో లాహోర్‌లో పుట్టి కరాచీలో పెరిగిన ఎమ్ఐటీ ఆచార్యురాలు నెర్గిస్ మావల్వాలా ముఖ్యురాలు. ఫలితాన్ని లెక్కల్లో చెప్పాలంటే, 3 డెసిబెల్ల వరకు రొద తగ్గింది. లేజరు బలాన్ని రెట్టింపు చేస్తే వచ్చే లాభం వేడి బెడద లేకుండా వచ్చిందన్నమాట. పట్టుకోగల సంఘటనల సంఖ్య హాన్‌ఫర్డ్‌లో 40 శాతం, లివింగ్‌స్టన్‌లో 50 శాతం పెరుగుతుందని లెక్క తేలింది. ఇంత పెద్ద అంకె ఎలా వచ్చిందని అడగవచ్చు. పరికరం చూపు 15 శాతం దూరం పెరిగితే, ఆ చూపులో పడే ఆకాశపు ఘనపరిమాణం 15 శాతంతో ఆగదు. 1.15 ఘనం 1.52. కృష్ణబిలాలు అన్ని దిక్కులా ఉంటాయి కాబట్టి, చూపు కొంచెం సాగినా పంట ఒకటిన్నర రెట్లు అవుతుంది. 2015 నుంచి 2017 దాకా జరిగిన రెండు పరిశీలన విడతల్లో 11 సంఘటనలు దొరికితే, 2019లో మొదలైన మూడో విడతలో 79 దొరికాయి. ఆ పెరుగుదల అంతా స్క్వీజింగ్ పుణ్యమే అనను. కానీ దాని వాటా గట్టిదే.

ఇక ఆ రెండో రొద, అద్దాలను నెట్టేది. లైగో అద్దం ఒక్కొక్కటి 40 కిలోలు, 34 సెంటీమీటర్ల వ్యాసం, గాజు పోగులతో వేలాడుతూ ఉంటుంది. శూన్యపు ఊగిసలాట ఆ 40 కిలోల అద్దాన్ని కదుపుతోందని 2020లో లైగో బృందం కొలిచి చూపించింది. క్వాంటం విషయాలు పరమాణువులకే పరిమితం, మన లోకంలో వాటికి చోటు లేదని చదువుకుంటూ పెరిగినవాళ్లం మనం. ఇద్దరు చేరి మోయవలసినంత బరువున్న వస్తువును, గది ఉష్ణోగ్రత దగ్గరే, శూన్యం వణికిస్తోంది. దాన్ని కొలిచారు కూడా. ఆ మాట చదివిన రోజున నేను పుస్తకం మూసి చాలాసేపు ఆలోచిస్తూ ఉండిపోయాను.

దశలో తడబాటు తగ్గిస్తే బలంలో పెరుగుతుందని ముందే చెప్పాను. బలంలో తడబాటు పెరిగితే అద్దాల వణుకు పెరుగుతుంది. అందుకే 2019 నాటి స్క్వీజింగ్ వేగమైన సంకేతాలకు మేలు చేసి, నెమ్మదైన వాటికి కీడు చేసింది. రెండూ కావాలంటే, వేగమైన కంపనాల దగ్గర దశ తడబాటునూ, నెమ్మదైన కంపనాల దగ్గర బలం తడబాటునూ అణచాలి. ఒకే పుంజంలో ఈ రెండూ ఎలా కుదురుతాయో కింబుల్, లెవిన్, మాట్స్కో, థోర్న్, వ్యచానిన్ 2001లోనే లెక్కకట్టారు. స్క్వీజ్డ్ లైట్‌ను ఇంకో జత అద్దాల మధ్య తిప్పి తేవాలి. ఆ అద్దాల మధ్య నెమ్మదైన భాగం ఎక్కువసేపు నిలిచి, పంపకం తిరగబడి వస్తుంది. వేగమైన భాగం ఉన్నదున్నట్టు వెనక్కి వస్తుంది. మార్పు సెకనుకు కొన్ని పదుల కంపనాల దగ్గర జరగాలి. అంటే కాంతి లోపల మిల్లీసెకన్ల పాటు నిలవాలి, ఏమాత్రం పోకుండా. అందుకోసం లైగోలో ప్రధాన గొట్టాల పక్కన 300 మీటర్ల పొడవున మరో శూన్య గొట్టం వేశారు. 2023 మే నెలలో మొదలైన నాలుగో విడతలో అది పనిలోకి వచ్చింది. 2024లో సైన్స్ పత్రికలో వచ్చిన వ్యాసం ప్రకారం, లివింగ్‌స్టన్ పరికరంలో సెకనుకు 35 నుంచి 75 కంపనాల మధ్య క్వాంటం రొద బ్రాగిన్‌స్కీ చెప్పిన ఆ ప్రామాణిక పరిమితి కంటే కిందికి దిగింది. నేను మొదట్లో చెప్పిన 2025 జనవరి సంకేతం వచ్చింది ఈ విడతలోనే.

క్వాంటం కాంతితో కొలతలు అనగానే ఇంకో దారి గురించి కూడా వింటుంటాం. ఫోటాన్లన్నిటినీ ఒకదానితో ఒకటి ముడిపెట్టి పంపితే, వంద ఫోటాన్లతో పదో వంతు బదులు వందో వంతు కచ్చితత్వం రాగలదని సిద్ధాంతం. కాగితం మీద చాలా ఆకర్షణీయంగా ఉంటుంది. కానీ ఆ గుంపులో ఒక్క ఫోటాన్ పోయినా మిగతా వాటి ముడి మొత్తం వీడిపోతుంది. కొద్ది ఫోటాన్లతో, నష్టం లేని చోట అది బాగుంటుంది. లక్షల వాట్ల లేజరు పక్కన దానికి బతుకు లేదు. స్క్వీజ్డ్ లైట్ గెలవడానికి కారణం, అది మామూలు లేజరుతో సర్దుకుపోతుంది. నష్టం జరిగితే దాని మేలు తరుగుతుంది గానీ, ఒక్కసారిగా మాయమవదు.

ఈ విద్యకు మన నేలతోనూ సంబంధం ఉంది. క్వాంటం ఆప్టిక్స్‌లో పేరెన్నికగన్న గిరీష్ అగర్వాల్ హైదరాబాదు సెంట్రల్ యూనివర్సిటీలో ఏళ్ల తరబడి ఆచార్యుడిగా పనిచేశారు. 1991లో సహ రచయిత తారాతో కలిసి ఆయన ఒక కొత్త రకం కాంతిని ప్రతిపాదించారు. లేజరు కాంతికి సరిగ్గా ఒక ఫోటాన్ చేరిస్తే ఏమవుతుందన్నది ప్రశ్న. అలాంటి కాంతిలోనూ తడబాటు మామూలు స్థాయి కంటే తగ్గుతుందని లెక్కలో తేలింది. 2004లో ఇటలీలోని ఫ్లోరెన్స్‌లో దాన్ని తయారుచేసి చూశారు.

ఇప్పుడు మూడో లైగో మన దేశంలో కడుతున్నారు. మహారాష్ట్రలో హింగోలి జిల్లా, ఔంధా నాగనాథ్ దగ్గర. 1956కు ముందు హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన మరాఠ్వాడా ప్రాంతమది. పక్కనున్న నాందేడ్ జిల్లా దాటితే తెలంగాణ. 2023 ఏప్రిల్‌లో కేంద్ర మంత్రివర్గం 2,600 కోట్ల రూపాయలతో దీనికి ఆమోదం తెలిపింది. ఇంత దూరంలో మరో పరికరం ఉంటే తరంగం ఆకాశంలో ఏ మూల నుంచి వచ్చిందో ఇప్పటి కంటే చాలా కచ్చితంగా చెప్పవచ్చు, దూరదర్శినులను అటు తిప్పవచ్చు. ఇండోర్‌లోని రాజా రామన్న కేంద్రం, గాంధీనగర్‌లోని ప్లాస్మా పరిశోధన సంస్థ, పుణెలోని అంతర్ విశ్వవిద్యాలయ ఖగోళ కేంద్రం ఈ పనిలో ఉన్నాయి. అక్కడ కావలసింది నష్టాన్ని శాతంలో పదో వంతు దాకా లెక్కించి తగ్గించగల చేతులు. అద్దాల పూతలు, శూన్య గొట్టాలు, లేజర్లు, ఫోటోడయోడ్‌లు, వాటిని నడిపే ఎలక్ట్రానిక్స్ తెలిసినవాళ్లు. మీ ఇంట్లో ఫిజిక్స్ ఎమ్మెస్సీయో, ఇంజనీరింగో చదువుతూ ల్యాబులో కాంతితో పని చేయడం ఇష్టపడే పిల్లలు ఉంటే, ఈ సంస్థలు ఇచ్చే ఉద్యోగ, పరిశోధన ప్రకటనలు చూస్తుండమని చెప్పండి.